ఎవరూ చెయ్యని చలి

రాత్రి పదకొండు దాటినా రోలాలో
గోడ మీద చెయ్యి పెడితే జ్వరం తగ్గని నుదురు.
బల్ల మీద సగం తిన్న పల్లీల పొట్లం,
పాప లెక్కల నోటుబుక్కులో చివరి పేజీ.
దాన్ని ఏడు గళ్లు చేశాను.
మూడు నగరానికి, మూడు కొండలకి.
ఒకటి మిగిలింది.
ఆ ఒక్క గడి దగ్గరే తగాదా.

లింగస్వామి రెండుసార్లు స్నానం చేసినా
మోచేతుల మీద గాజుదూది దురద వదల్లేదు.
పదహారేళ్లుగా ఈ ఊరికి చలి కుడుతున్నాడు,
రేకు గొట్టాలతో, మలుపులతో, జాలీలతో.
ఎవరి పడకగదిలోనో దుప్పటి లాక్కునేంత చలి.
తను మాత్రం డాబా మీద
టోపీ కింద తడిగుడ్డ పెట్టుకుని.
"బిల్లు రాని చలి సూడాలె ఒక్కపారి," అంటాడు.
"ఎవ్వడు చెయ్యనిది. స్విచ్చి లేనిది."
అందుకని నాలుగు గళ్లూ కొండలకే అంటాడు.

నాకు నగరం కావాలి.
క్రాకోవ్.
ఎన్నిసార్లు పలికినా కాకి గొంతే వస్తోంది.
అక్కడ ఏడొందల ఏళ్లనాటి అంగడి
ఇంకా అంగడేనట, ఇంకా బేరాలాడతారట.
ఇక్కడ మేం కాపురం పెట్టిన బిల్డింగు
పోయిన రంజానుకి ముందే కూల్చేశారు.
పాప పుట్టిన క్లినిక్కు ఇప్పుడు టైర్ల షాపు.
దారి చెప్పాలంటే లేనివాటి పేర్లే చెప్పుకుంటాం,
పాత సినిమా హాలు దగ్గర దిగు, అని.
నాకన్నా పెద్దదాన్ని దేన్నైనా
ఒకసారి చేత్తో ముట్టుకోవాలని ఉంది.

"కోట కింద పుట్టినోణ్ణి నేను," అన్నాడు పల్లీ నములుతూ.
"దేవరకొండ.
తప్పిపోయిన మేక కోసం ఎక్కిన ఒక్కపారి.
మేక దొరికింది, దిగిన.
కోటను సూడలె."
కాసేపు ఏసీ ఒక్కటే మాట్లాడింది.

టైపింగు సెంటర్లో పన్నెండేళ్లు
ఊళ్లోవాళ్ల ఫారాలన్నీ నింపిన వేళ్లు ఇవి.
ప్రయాణ ఉద్దేశం అన్న చోట
'విహారం' అని ఎన్ని వందలసార్లు కొట్టానో.
మా పేర్ల కింద కొట్టబోతే వేలు ఆగింది,
అబద్ధం రాస్తున్నట్టు.
బ్యాంకు కాగితాలు మూడు నెలలవి ఉన్నాయి,
కంపెనీ ఉత్తరం ఆదివారం ఇస్తామన్నారు,
ఈ నెల చీటీ మాదే.
ఖలీల్ భాయ్ టికెట్లు రేపు మధ్యాహ్నందాకా పట్టి ఉంచుతాడు.
చలికోట్లు కొనక్కర్లేదు,
కోల్డ్ స్టోరేజీలో పనిచేసిన రోజులవి రెండున్నాయి.
ఎంత ఉతికినా సార చేపల వాసనే.

ఆ ఊళ్లో గంట గంటకీ
గోపురం మీంచి ఒకడు బాకా ఊదుతాడట.
ఫోన్లో పెట్టి వినిపించాను.
పాట మధ్యలో, ఊపిరి తెగినట్టు, ఆగిపోయింది.
లింగస్వామి చెవి దగ్గరగా పెట్టుకుని
మళ్లీ విన్నాడు, మళ్లీ.
"గొట్టంల ఏదో అడ్డం పడ్డది," అన్నాడు.

మంచినీళ్లకని లేచిన ఇందుజ పటం మీదికి వంగింది.
కొండల నడుమ చెరువుంది చూడు,
దాని పేరు సముద్రపు కన్ను, అని చెప్పాను.
"సముద్రం ఇక్కడుంటే కన్ను అక్కడెందుకుంది?"
వాళ్ల నాన్న నిజంగానే ఆలోచించాడు.
"ఈడి ఎండకు తాళలేక పొయ్యుంటది."

ఎప్పుడు పడుకున్నామో తెలీదు.
పొద్దున హడావిడిలో పుస్తకం బడికి వెళ్లిపోయింది.
సాయంత్రం సంచీలోంచి తీసి చూస్తే
ఏడో గడిలో పెన్సిలుతో, అతని వంకర అక్షరాల్లో,
కోట అని ఉంది.
ఏ కోటో రాయలేదు.
దాని పక్కన, తెలుగు రాని లెక్కల టీచరు
ఎర్ర సిరాతో పెట్టిన ప్రశ్నార్థకం.