కాల్ రకం

మా బండి కడుపులో నాలుగున్నర వేల లీటర్లు.
ఎండాకాలం అది వీధిలోకొస్తే
ముందు ఉరికొచ్చేది బిందెలే.

కర్నూలోళ్లకు హంద్రి అంటే
తుమ్మచెట్లు, పందులు, ప్లాస్టిక్ కవర్లు.
గోడకానించిన రబ్బరు పడవలో
స్టేషన్ పిల్లి రెండుసార్లు పిల్లల్ని పెట్టింది.

ఆ రాత్రి గంట మోగితే
డ్రైవర్ బజారప్ప అలవాటుగా అడిగినాడు,
"యాడ సార్ అగ్గి?"
"అగ్గి కాదురా. నీళ్లు."

పిల్లికూనల్ని నా హెల్మెట్లోకి మార్చి
పడవ దించినాం.
తాడు కొసన మద్దిలేటి,
నడుముకు ట్యూబు, నోట్లో టార్చి.
ఈత నేర్చింది కేసీ కాలవలో, బడి ఎగ్గొట్టి.
మెడలోతు నీళ్లలో వీధిదీపం వెలుగుతానే ఉంది,
కరెంటు ఎప్పుడు తీస్తారో ఎవురికీ తెల్దు.

రేకుల కప్పు మీద హుసేనమ్మవ్వ,
ఒళ్లో మేకపిల్ల.
మా యూనిఫారం చూసి గద్దించింది,
"ఈడ యాం కాల్తాందని వచ్చినార్రా మీరు?"
మద్దిలేటికి జవాబు దొరకలేదు.
ముందు మేకపిల్లనందించి
తర్వాత తను దిగింది.

గట్టెక్కినాక
వాని పళ్లు టకటకా కొట్టుకుంటాంటే
అవ్వ వక్కాకు సంచి విప్పి
అగ్గిపెట్టె తీసింది. కవర్లో చుట్టి, పొడిగా.
మూడో పుల్లకు బీడీ అంటుకుంది.
నలుగురం చుట్టూ చేతులడ్డం పెట్టినాం
ఆరిపోకుండా.

తెల్లారి రిజిస్టర్లో రాసినా:
కాపాడినవి, మనిషి ఒకటి, మేక ఒకటి.
పోయినవి, తాడు ఇరవై అడుగులు,
ఎడమకాలి బూటు.
కాల్ రకం అనే గడి దగ్గర
పెన్ను ఆగింది.

హెల్మెట్ ఇంకా పిల్లి దగ్గరే ఉంది.