పడదట

బాలరాట్‌లో జూలై. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా చెమ్మ.
వంటగట్టు మీద, టోస్టర్ మీద, నా కళ్లజోడు మీద
ఎప్పుడూ ఓ పల్చని తెల్లటి పొడి,
ఎవరో పొద్దున్నే జల్లెడ పట్టి వెళ్లినట్టు.
అందుకే దానికి పిండి అని పేరు పెట్టాను.
బూడిదరంగు ఒళ్లు, పసుప్పచ్చ తల,
సింధూరం అంటిన వేలు తుడుచుకున్నట్టు
చెంపకొకటి నారింజ మచ్చ.

ఏడేళ్లు.
డిపోలో బస్సు అప్పజెప్పి రాత్రి పదకొండుకి తాళం తీస్తే
చీకట్లోంచి మూడుసార్లు మైక్రోవేవ్ మోగేది.
మైక్రోవేవ్ కాదు.
తిన్నావా అని అడగడం దానికి అలాగే వచ్చు.

దగ్గు మొదలైనప్పుడు చలిదన్నాను.
తర్వాత కార్పెట్‌దన్నాను, డీజిల్‌దన్నాను,
వెనక వీధిలో కట్టెల పొయ్యి పొగదన్నాను.
ఊళ్లో ఉన్న ప్రతిదాని మీదా నేరం మోపాను,
భుజమ్మీద కూర్చుని
నా చెవిపోగు కొరుకుతున్నదాన్ని తప్ప.

డాక్టర్ హాలొరన్ తెర తిప్పి చూపించింది:
నా ఊపిరితిత్తుల నిండా అదే తెలుపు.
"ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?"
లేవన్నాను.
కాసేపాగి, పిండి ఉంది, అన్నాను.

ఆ జబ్బు పేరు నోరు తిరగక
కాకినాడలో అక్కకి ఫోన్ చేసి
"పిట్ట నాకు పడదటే" అన్నాను.
"అయ్యో, ఏం గొడవొచ్చింది?" అంది.
వంకాయ పడదు. పెన్సిలిన్ పడదు.
పెద్దాడపడుచుకీ నాకూ పడదు.
అన్నిటికీ మనకి ఒకటే మాట.
గొడవేం లేదక్కా,
ఆ మాటకొస్తే ఇన్నేళ్లలో ఈ ఊళ్లో
నాకు పడింది అదొక్కటే.

మాస్కు పెట్టుకుని గింజలు వేశాను.
నా మూతి కనపడక
అది శిఖ నిక్కబొడుచుకుని బుస కొట్టింది.
పంజరం బట్టలుతికే గదిలోకి మార్చాను.
తలుపు అవతల నుంచి రాత్రంతా మైక్రోవేవ్.
లేచి వెళ్లి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను,
ఇద్దరం చెరోవైపు,
నేను దగ్గుతూ.

పక్కింటి మెర్విన్ పైపుల పని చేసి చేసి
మోకాళ్లు అరిగిన మనిషి.
పంజరం అందుకుంటూ అడిగింది ఒక్కటే ప్రశ్న,
"టీవీలో ఏం చూస్తుంది?"
క్రికెట్, అన్నాను. వికెట్ పడితే ఊరుకోదు.
కొర్రకంకుల కట్ట, గంట, పగిలిన అద్దం ముక్క
సంచిలో వేసి ఇచ్చాను.
ముఖం చూడలేదు. చూస్తే అది నా వేలెక్కేది.

మర్నాడు ఇద్దరు కుర్రాళ్లొచ్చి కార్పెట్ పీక్కుపోయారు.
నేను గోడలు కడిగాను.
బకెట్లో నీళ్లు
అచ్చం బియ్యం కడిగిన నీళ్లలాగే.
పారబోయడానికి చాలాసేపు పట్టింది.

సెప్టెంబర్. వీధంతా వాటిల్ పూల పసుపు.
డిపో మెట్లు ఆగకుండా ఎక్కేస్తున్నాను.
డాక్టర్ సంతోషించింది.
ఇల్లు శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా ఉంది.
కళ్లజోడు తుడవాల్సిన పని లేదు,
అయినా తుడుస్తూనే ఉన్నాను.

ఆదివారం తీగ మీద బట్టలారేస్తుంటే
కంచె అవతల ఎవరో దగ్గారు.
రెండు చిన్నవి, ఒకటి పెద్దది,
చివర్న గొంతు సవరించుకోవడం.
మెర్విన్ కిటికీలోంచి తల బయట పెట్టి
"నేను కాదు సుమా" అన్నాడు.
తెలుసు.
ఆ దగ్గు నాది.
నాకు తగ్గిపోయింది. దానికింకా తగ్గలేదు.

నోట్లో క్లిప్పు తీసి చేత్తో పట్టుకున్నాను.
అటూ ఇటూ చూశాను, వీధిలో ఎవరూ లేరు.
కంచెకి ఇటువైపు నుంచి
మైక్రోవేవ్‌లా
మూడుసార్లు మోగాను.