నొప్పి అంకె

సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటాను.
నా ఉద్యోగంలో రోజూ మొదటి ప్రశ్న అదే.
"బాగున్నాను" అంటుంది అరబా బెన్యివా.
"అంకె చెప్పమ్మా."
"ఆయన దయవల్ల బాగున్నాను."

ఎడమ పాదం కట్టు విప్పుతుంటే
చేపల పొగ వాసన,
దాని అడుగున ఇంకో వాసన.
పన్నెండు రోజుల కిందట మట్టిపొయ్యి గోడ విరిగి
నిప్పులన్నీ కాలి మీద పడ్డాయట.
ఒంట్లో చక్కెర. మానని పుండు.
దుప్పటి అంచు ఆమె పిడికిట్లో నలుగుతోంది,
పై పెదవి మీద చెమట,
పెదవుల మధ్య మాత్రం బాగున్నాను.
అంకె రాయకపోతే సూది మందు ఇవ్వరు.
గడి ఖాళీగా వదిలి పక్క మంచానికి వెళ్లాను.

షామాలో అందరం అంతే.
ప్రా నది సముద్రంలో కలిసే ఈ ఊళ్లో
పడవల పేర్లన్నీ రాబోయే మంచే:
గెలుపొచ్చింది, ఏడుపైపోయింది, అప్పుతీరింది.
అప్పుతీరింది వలకు ఇంకా ఆరు వాయిదాలున్నాయి.
నేను ఆగను అని వెనకద్దం మీద రాసుకున్న ట్రోట్రో వ్యాను
నలుగురు తోస్తే గాని కదలదు.
రేకుల చర్చిలో పాస్టరు అంటాడు:
జబ్బు పేరెత్తకండి,
పేరు పెట్టి పిలిస్తే కుక్కలా వచ్చి కాళ్ల దగ్గర పడుకుంటుంది.
ఆరోగ్యాన్ని పిలవండి.
పిలుస్తాం. గొంతు బొంగురుపోయే దాకా.

మా తమ్ముడు ఎబోకి జ్వరమొచ్చినప్పుడు కూడా
తొమ్మిది రోజులు ఇంటిల్లిపాదీ
బాగున్నాడు అన్నాం.
వాడి చేత కూడా అనిపించాం.
పదో రోజు అనడానికి మా దగ్గర మాట మిగల్లేదు.

అందుకేనేమో, మూడో పూట నాకు కోపమొచ్చింది.
"దేవుడికి కళ్లు లేవా అమ్మా? ఎవరి దగ్గర దాస్తున్నావు?"
ఆమె నవ్వింది, ముందు పన్ను లేని నవ్వు.
"ఆయన దగ్గర దాపరికమేముంది పిల్లా,
రాత్రంతా ఆయన ముందే ఏడ్చాను, తిట్టాను కూడా.
కాలికి వినపడకూడదని నా బాధ.
వింటే బెంగ పెట్టుకుంటుంది."

కాసేపు నాకేం తోచలేదు.
బయట ఎండుగాలి దుమ్ము కిటికీ మీద గీస్తోంది.
వంగి, ఆమె చెవిలో అడిగాను:
"సరే, నువ్వు బాగున్నావు. మరి దానికెంత?"
కాలి వైపు చూసింది,
పక్కింట్లో దెబ్బలు తిన్న పిల్లని చూసినట్టు.
గొంతు తగ్గించి
"పాపం దానికా? తొమ్మిది" అంది.

తొమ్మిది రాశాను.
సూది దిగాక నిద్రపోయింది, పిడికిలి విడిపోయింది.
అరచేతిలో దుప్పటి దారప్పోగు.

రెండు వేళ్లు తీసేశారు.
ఇంటికెళ్లే రోజు కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచి,
నేనడక్కుండానే చెప్పింది:
"బాగున్నాను. ఎనిమిది వేళ్ల బాగు."
పొయ్యి మళ్లీ కట్టాలట, ఈసారి గోడ మందంగా.
మంగళవారం పడవలు కడలికెళ్లవు కదా,
ఆ రోజు మట్టి తొక్కడానికి కుర్రాళ్లు దొరుకుతారట.
ఇంకా లేని పొయ్యి మీద
ఇంకా పట్టని చేపల్లోంచి
నాకొక బుట్ట ఇచ్చేసింది, మాటతో.
తీసుకున్నాను.

డ్యూటీ దిగి వస్తుంటే
నారింజలమ్మే మన్సా అడిగింది, ఎలా ఉన్నావని.
దయవల్ల అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.
ఎబో పోయి ఆ వారానికి రెండేళ్లు.
"నాలుగు" అన్నాను. "నిన్న ఆరు."
రేపు మూడవుతుందని కూడా అనబోయాను, నమ్మే అన్నాను కాబోలు,
ఈలోగా మన్సా
నాలుగు నారింజలు లెక్కపెట్టి సంచిలో వేసింది.
డబ్బులిచ్చి,
ఒకటి అక్కడే ఒలుచుకున్నాను.