ఎడమ చెవి

నెలకో గురువారం, పోర్తోలో,
చెప్పులు బాగుచేసే కొట్టు వెనకగదిలో
మేం ఐదుగురం కూర్చుంటాం.
జిగురు వాసన. బకెట్లో తడి గొడుగులు.
నియమం ఒక్కటే: రికార్డు పెట్టకూడదు.
కంఠతా వచ్చినదాన్ని మళ్లీ వింటే
మాట్లాడటానికేం మిగులుతుంది?

ఆల్బమ్ పేరు ‘ఉప్పు గిడ్డంగి’.
పది పాటలు, ఒకే కథ.
కథేమిటో పాడినవాళ్లు చెప్పలేదు.
అట్ట మీద పాటల మాటలు అచ్చెయ్యలేదు,
వేసుంటే ఈపాటికి
ఎవరిళ్లల్లో వాళ్లం నిద్రపోతుండేవాళ్లం.

ఒకావిడ అడుగుతుంది. ఒకాయన జవాబు చెప్తాడు.
కాడ్ చేపల కోసం మంచు సముద్రం మీదికి పోయినవాడు.
ఇక్కడివరకూ మాలో నలుగురిది ఒకే మాట.

అన్సెల్మో ట్రామ్ నడిపి రిటైరైనవాడు.
“ఉప్పంటే భయం. నియంత కాలంలో నోట్లో కుక్కుకున్న భయం.
నాలుగో పాటలో తలుపు మూడుసార్లు కొడతారు చూడండి,
మా నాన్న కోసం అట్లాగే కొట్టారు.”
దానికి ఎదురు చెప్పం మేం,
కొట్టింది రెండుసార్లేనని తెలిసినా.

ఫిర్మీనోకి ఇరవైరెండు.
మూడో పాటకే ఆయన చచ్చిపోయాడట,
ఆ తర్వాతి జవాబులన్నీ దయ్యానివట.
ఆరో పాటలో ఊపిరి తీసిన చప్పుడే లేదట, లెక్కపెట్టాడట.
అడిగేది భార్య కాదు, తల్లి అంటుంది లుర్దిష్,
ప్రతి నెలా, కేకు కోస్తూ.

నేను నోట్‌బుక్ రాస్తాను.
మందులషాపు గుమాస్తాని,
డాక్టర్ల రాత చదివేవాడికి ఏ రాతైనా ఒకటే.

కొట్టు దియోలిందాది.
నోటినిండా మేకులు.
మేకులు తీసి ఆవిడ చెప్పేది ఒకే మాట:
“ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆవిడ ఒక్కతే.”
మేం తలలు పంకించేవాళ్లం.
ఎంత లోతు!
ఆ జవాబులన్నీ ఆవిడ ఊహేనన్నమాట.
పదకొండు పేజీలు రాశాను, ‘దియోలిందా సిద్ధాంతం’ అని,
కింద రెండు గీతలు కొట్టి.

మొన్న నవంబరులో ఫిర్మీనో కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చాడు.
ఈ ఒక్కసారికి నియమం లేదు, ముందు పెద్దావిడకే అంటూ
తలకి తగిలించాడు. తొందరలో
కుడిది ఎడమకి, ఎడమది కుడికి.

మొదటి పాట సగంలో ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది,
సుత్తి ఉన్న చెయ్యి.
“ఎవరీ మగాడు?”

నవ్వాం.
తర్వాత నవ్వలేదు.

ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి కుడిచెవి పోయిందట.
చెప్పుకోదగ్గ సంగతా అని చెప్పలేదట.
ఆడగొంతు ఎడమ పక్కకి, మగగొంతు కుడి పక్కకి
విడదీసి చేసిన రికార్డు.
కుట్టుమిషన్ పక్కన క్యాసెట్, తల మీద హెడ్‌ఫోన్లు,
నలభై ఏళ్లు ఆవిడ విన్నది సగం.
అడగడం. కాసేపు గిటారు. కాసేపు ఏమీ లేకపోవడం.
మళ్లీ అడగడం.

“మరి ఆయన గురించి మేం గంటలు గంటలు మాట్లాడితే?”

“మీరు కల్పిస్తున్నారనుకున్నా.
ఎంత చక్కగా కల్పిస్తారో అనుకున్నా.
గొంతు బొంగురని కూడా అన్నాడు కదా అన్సెల్మో.
లేకపోతే గది ఊరికే ఎందుకిస్తాను?”

పది పాటలూ విన్నది,
ఆ తప్పు పక్కనే, ఎవర్నీ సరిచెయ్యనివ్వకుండా.
ప్రశ్నలు లేని జవాబులు:
ఉంది. లేదు. వసంతంలో. రెండు స్వెటర్లు.
ఆ పడవ కాదు.

చివర్న తీసి ఫిర్మీనో చేతిలో పెట్టింది.
“మంచివాడే.
ఆవిడ మాట వింటున్నట్టు మాత్రం లేడు.”

లుర్దిష్ కేకు కొయ్యడం మర్చిపోయింది.
పదకొండు పేజీలు కొట్టెయ్యనా అని అడిగాను.
దియోలిందా మేకులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చి, మా షాపు దూదే,
కుడిచెవిలో గట్టిగా కుక్కుకుని
హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.
రెండో పాట.
“దీపం తీసెయ్యనా?” అని అడిగిందావిడ.

నాకు తెలిసిన జవాబే.
అది రావలసినంతసేపూ
లైటు స్విచ్చి వైపు చూస్తూ కూర్చున్నాను.