నాలుగో కిటికీ

తిరుపతి పెద్దాసుపత్రిలో రిపోర్టులిచ్చే కిటికీ నాది.
చెయ్యి పట్టేంత సందు.
పదకొండేళ్ళుగా అందులోంచి
చేతులే ఎక్కువ చూశాను, మొహాలు తక్కువ.

పదాలకు అర్థాలు రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.
కుప్పమ్మ వల్ల మొదలైంది.
కఫం పరీక్ష కాగితం అందించి
"పాజిటివ్" అన్నాను.
ఆమె నవ్వింది.
పాజిటివ్ అంటే మంచిదేనని
మనవడు బళ్ళో నేర్చుకొచ్చాడంట.
కొంగుముడి విప్పి పది రూపాయలు సందులోంచి తోసి
"టీ తాగు నాయినా" అనింది.
ఆ నోటు నేను ఖర్చుపెట్టలేదు.
పుస్తకం మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంది.

పాజిటివ్: వెతికింది దొరికింది.
ఏం వెతికామో ముందు చెప్పాలి.

నెగటివ్: వెతికింది దొరకలేదు.
పీలేరు లారీ డ్రైవరు ఈ మాట విని
మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.
నేను పరిగెత్తేసరికి బస్సెక్కేశాడు.
ఆ రాత్రి పెళ్ళానికి ఏం చెప్పుంటాడో.

అప్పట్నుంచీ కాగితం వెనక తెలుగులో రాసివ్వడం అలవాటైంది.
డాక్టరు జ్ఞానప్రసూన గారు చూసి కోప్పడ్డారు.
"నిర్వచనం ఒక్క వాక్యంలో ఉండాలి మునిశేఖరూ,
హరికథ కాదు."
సరే మేడం అన్నాను.

ఫాస్టింగ్: రాత్రి కూడు తిన్నాక తెల్లారిందాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోవడం.
శనివారం ఒక్కపొద్దు దీనికింద రాదు.
దాంట్లో పాలూ పండ్లూ చెల్లుతాయి,
ఇందులో చెల్లవు.
రెండు వాక్యాలు ఎక్కువైపోయాయి.

నార్మల్: నూరుమందిలో తొంభై ఐదుమంది ఇమిడే గీతల మధ్య చోటు.
మిగతా ఐదుగురూ రోగిష్టులని కాదు.
ఈ సంగతి మాయమ్మకు ముందే తెలిసుంటే
నా పొట్టితనానికి అన్ని మొక్కులు మొక్కేది కాదు.

కీళ్ళ అరుగుదల: ఎముకల మధ్య మెత్తన తగ్గిపోవడం.
అలిపిరి మెట్లెక్కి
మోకాళ్ళ పర్వతం దగ్గర చతికిలబడ్డ ముసలామెకు
అర్థం చెప్పే పనే లేదు.
ఆ పేరు పెట్టినోడు ఎవరో గానీ
ఎక్స్‌రే లేకుండానే కనిపెట్టాడు.

దీర్ఘకాలిక వ్యాధి: నెల సరుకుల చీటీలో
కందిపప్పు కింద మాత్ర పేరు కూడా చేరడం.
దీన్ని చూసి మేడం ఏమీ అనలేదు.
ఆమె హ్యాండుబ్యాగులోనూ అలాంటి చీటీ ఉందేమో.

మొన్న మంగళవారం మొగిలప్ప వచ్చాడు.
చిత్తూరు పక్కన గ్రానైటు పాలిష్ షెడ్డు,
ఇరవై రెండేళ్ళు.
కాగితం ముందువైపు ఒక్క వాక్యమే:
రాతిధూళి పేరుకుని ఊపిరితిత్తులు మచ్చపడి గట్టిపడ్డాయి.
తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తిప్పి చూశాడు.
"అందరికీ వెనకమాల రాస్తావంట గదా, ఈడ ఏం రాయలేదే?"

అతని చేతులు సందులో ఉన్నాయి.
వేలిముద్రలు అరిగి నున్నగా,
ఎవరింటి నడవలోనో పరిచిన బండలాగా.
రేషను మిషను వాటిని గుర్తుపట్టదంట.

"జబ్బు సంగతి నాకు తెలిసిందే సామీ.
నేను దాన్ని నున్నగ చేస్తి,
అది నన్ను గరుకు చేసె.
మళ్ళీ పనికి ఎప్పుడు పోవచ్చో అది రాయి."

రాయి.
ఆ మాట చెవిలో కాదు, రొమ్ములో తగిలింది.
పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి,
వెనక క్యూ విసుక్కునేదాకా ఆగి
చివరికి రాశాను: దుమ్ములోకి పోవద్దు.

కూడబలుక్కుని చదివాడు.
నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.
అప్పుడు వంగి, మొదటిసారి, సందులోంచి
మొహం చూపించి అడిగాడు:
"దుమ్ము లేని పని యాడుందో
నీ పుస్తకంలో ఉందా సామీ?"

ఆ సాయంత్రం కిటికీ మూసి
మొదటి పేజీ నుంచి, పది రూపాయల నోటు నుంచి,
పుస్తకమంతా తిప్పాను.

వెతికింది దొరకలేదు.