ఆరో నంబరు

మా నాన్న వంతెన ఎత్తేవాడు.
పడవ కూత వినపడితే
రోడ్డుకి ఎర్రదీపం వేసి, చక్రం తిప్పి
ఊరిని రెండు ముక్కలు చేసి నిలబెట్టేవాడు.
పడవ దాటేటప్పుడు
గేలపు కర్రకి కట్టిన చెక్కబూటు
దాని మీదికి చాచేవాడు.
నాణేలు పడేవి. కొన్నిసార్లు బొత్తాలు.
ఒకసారి ఎవరిదో పాలపన్ను.

ఆ చప్పుళ్ళలో పెరిగాడు నా తమ్ముడు వీబ్రెన్.
కాపలాగది గోడకి బంతి కొట్టేవాడు,
గోడ తిరిగిచ్చేది,
మళ్ళీ కొట్టేవాడు.
వంతెన లేచి ఉన్న ఆ ఏడు నిమిషాలూ
సైకిళ్ళు దిగి నిలబడ్డవాళ్ళే
వాడి మొదటి ప్రేక్షకులు.
చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు.
గాలికి కళ్ళు చికిలించి
పడవ ఎప్పుడు పోతుందా అని చూసేవాళ్ళు.

పదహారో ఏట క్లబ్బువాళ్ళు తీసుకెళ్ళి
మైదానం నడిమధ్య నిలబెట్టారు.
గోల్ కొట్టేవాళ్ళు ముందు,
కాచేవాళ్ళు వెనక.
"మరి నీ పనేమిట్రా?" అన్నాడు నాన్న.
"నీ పనే" అన్నాడు.
నాన్నకి నవ్వు రావడం
ఆ వారమంతా పట్టింది.

సోమవారం పేపర్లో
ఒక్కొక్కరికీ పదికి ఇన్ని అని మార్కులు.
కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని నేను.
వీబ్రెన్ ఆరు. వీబ్రెన్ ఆరు. ఆరున్నర. ఆరు.
చొక్కా మీద అంకె చూసి
వేసేస్తున్నాడేమో అనుకునేవాళ్ళం.
ఒకే ఒక్కసారి ఎనిమిది వచ్చింది,
సముద్రం మీంచి పొగమంచు కమ్మి
ఈ గోలుకి ఆ గోలు కనపడని ఆదివారం.
ఏం చూసి వేశాడో ఆ మహానుభావుడు!

నోట్లో నాలుక లేదు వాడికి.
కాలికి మాత్రం ఉండేది.
బంతి వచ్చేలోపే
ఎవరికివ్వాలో చెప్పేసేది.
ఒక్క తాకు. అంతే.
గోల్ పడ్డాక కెమెరా పరిగెత్తేది వేరేవాడి వెంట.
వీడు అప్పటికే వెనక్కి నడుస్తూ
మేజోడు పైకి లాక్కుంటూ.

నారింజ చొక్కా ఒకసారి ఇంటికొచ్చింది.
తొంభై నిమిషాలు, వానలో, బెంచీ మీద,
కోటు జిప్పు కూడా తియ్యలేదు.
మట్టంటని ఆ చొక్కాని
అమ్మ రెండుసార్లు ఉతికింది.

తర్వాత కెర్క్రాడే. ఫిబ్రవరి. గడ్డి కింద మంచు.
ఎవరూ తగల్లేదు.
తిరిగాడు, మోకాలు తిరగలేదు.
తడి తాడు తెగినట్టు చప్పుడు
స్టాండు పైవరసలో ఉన్న నాకు వినపడిందని
ఇప్పటికీ అంటాను.
వినపడే అవకాశం లేదని
వాడు ఇప్పటికీ అంటాడు.

కోలుకున్నాడు, ఒకరకంగా.
రెండేళ్ళు బెల్జియంలో అద్దెకిచ్చారు,
నిచ్చెన ఇచ్చినట్టు.
తిరిగొచ్చాక ఏప్రిల్లో ఒక మామూలు శనివారం
అరవై ఏడో నిమిషంలో
గీత దగ్గర బోర్డు పైకెత్తారు.
ఎర్ర వెలుగులో ఆరు.
పక్కన నాన్న లేచి నిలబడ్డాడు,
అలవాటున చెయ్యి గాల్లో
లేని చక్రాన్ని పట్టుకుంది.

పూలు లేవు, ప్రసంగం లేదు.
మూడు వందల నలభై ఒక్క ఆటలు, తొమ్మిది గోల్స్.
ఒకటి సొంత వలలోకే.
నాన్న దాన్నీ లెక్కలో కలిపాడు,
"బాగా కొట్టాడు కదా" అని.

అదే ఏడు కాపలాగదికి తాళం వేశారు.
ఎక్కడో నగరంలో ఒకమ్మాయి
తెర మీద మా కాలువ చూసి మీట నొక్కుతుంది.

ఇప్పుడు వీబ్రెన్ స్నానాలగదుల పలకలు అమ్ముతాడు.
మొన్న జూన్‌లో ఇద్దరం సైకిళ్ళు దిగి నిలబడ్డాం,
వంతెన దానంతటదే లేస్తోంది.
పలకల సందుల్లో పూసే సిమెంటు గురించి
ఏదో వివరిస్తున్నాడు.
పడవ మీంచి ఒక పిల్ల తన్నిన బంతి
గట్టు మీద పడి మావైపు ఎగిరింది.
మాట ఆపలేదు, చూడనైనా చూడలేదు.
ఒక్క తాకు.
బంతి వెళ్ళి పిల్ల చేతుల్లో కూచుంది.

తెల్లదే కాని నెమ్మదైన సిమెంటు మంచిది, అంటున్నాడు,
త్వరగా ఆరితే పగుళ్ళొస్తాయి.

పడవాయన జేబులో చెయ్యి పెట్టి
అటూ ఇటూ చూశాడు
చెక్కబూటు కోసం.