బొడ్డూడనివాడు

నలభై రెండో రోజు.
ఎల్యార్ బొడ్డు ఇంకా రాలలేదు.
ఎండి ఊడిపోవాల్సింది
తడిగా, ఎర్రగా, వాసనేస్తూ.

"బొడ్డూడని వాడికి అప్పుడే ఇంత జ్వరమా!"
అత్త ఎస్ఫంద్ గింజలు నిప్పులమీద చిటపటలాడించింది.
తబ్రీజ్‌లో మంచు పడుతోంది.
ఆ పొగలో వాడు తుమ్మాడు, అంతే.

ఆసుపత్రి కాగితం మీద
తెల్లకణాలు తొంభై వేలు.
"అన్నుంటే మంచిదేగా?" అన్నాను.
డాక్టర్ నాహీద్ నవ్వలేదు.
పుండు మీది గుడ్డ ఎత్తి
"ఇక్కడ చీము కనిపిస్తోందా?" అంది.
లేదు.
"కనిపించాలి."

చీమూ నెత్తురూ ఉన్నవాణ్ణి కన్నాననుకున్నాను.
సగమే ఇచ్చానట.

నా చూపుడువేలి కాయ చూసి
నాకు తెలిసిన భాషలో చెప్పిందామె:
తెల్లకణం రక్తంలో దొర్లుకుంటూ వస్తుంది.
పుండు దగ్గర నాళం గోడకి కొక్కెం తగిలించి
ఆగి, సందు చూసుకుని, బయటికి దూరుతుంది.
వీడి కణాలకి కొక్కేల్లేవు.
ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం తప్పు.
ఊరు తగలబడుతున్నట్టు తెలుసు,
పొగ కనిపిస్తూనే ఉంది,
బండి ఆగదు.

మా మగ్గం మీదా ముడేసేది వేలు కాదు, కొక్కెమే.
నిలువు పోగు లాగి, ఊలు చుట్టి, ఒక్క గుంజుడు.
రోజుకి ఆరువేల ముళ్లు వేసిన దాన్ని.

నేనూ ఇస్కందరూ ఒకే తాతకి మనవలం.
ఆ తాత సగం కొక్కేలతో
తొంభై ఏళ్లు గుర్రాల బేరం చేశాడు.
సగం చాలు.
ఇద్దరి సగాల్లోని లేమి ఒకచోట చేరితేనే.

పెద్దవాడు ఏడో నెలలో పోయాడు.
న్యుమోనియా అని రాశారు.
వాడి బొడ్డు ఎప్పుడు రాలిందని
ఎవరూ అడగలేదు. నాకూ గుర్తులేదు.
గుర్తులేకపోవడమే
రాత్రిళ్లు లేపి కూర్చోబెడుతుంది.

ఆయ్‌లార్‌కి ఆరేళ్లు. మూలుగ సరిపోయింది.
"నా కొక్కేలు తమ్ముడికిస్తే
నాకు తక్కువ పడవా?"
"జుట్టు కత్తిరిస్తే మళ్లీ పెరగదూ?" అంది నాహీద్.
పిల్ల జడ తడుముకుంది,
నమ్మీ నమ్మనట్టు.

టెహ్రాన్. అద్దం వెనక గది.
ఏ రోజుకారోజు అంకెలే.
నేను ముళ్లు లెక్కపెట్టడం మానేసి
అవే లెక్కపెట్టాను.

ముప్పై ఒకటో తెల్లారి
సూది గుచ్చినచోట, మోచేతి మడతలో,
ఆవగింజంత తెల్లచుక్క.

నర్సు దూది తీసింది.
ఆమె మణికట్టు పట్టుకున్నాను.

ఒక్క నిమిషం, అమ్మా.
తుడవకు.
నన్ను చూడనీ.